రిసెప్షన్ సూట్ల గ్యాంగ్‌స్టర్లు

ఒక వేసవిలో అమెరికాలోని బెంటన్‌విల్ అనే ఊళ్లో మేము షార్ట్ ఫిల్మ్ తీశాం. మద్య నిషేధం రోజుల నాటి అమెరికా కథ. ఇద్దరు స్నేహితులు నైట్‌క్లబ్ నడుపుతుంటారు. దొంగ సరుకు తమ దగ్గరే కొనాలని గ్యాంగ్‌స్టర్లు వాళ్ల మీద పడతారు. ఆ ఇద్దరికీ భయమెక్కువ, నోరు అంతకంటే ఎక్కువ. కథ రాసింది, తీసింది, ఒక ఓనర్‌గా నటించింది మా పై అంతస్తు మిత్రుడు. రాజమండ్రివాడు, నాకంటే బాగా చిన్న, నన్ను అన్నా అనేవాడు. మా కౌంటీలో అప్పట్లో మద్యం దుకాణమే లేదు. బీరు కావాలంటే మిస్సోరీ సరిహద్దు దాటాలి. అలా వెళ్లొస్తుంటే కార్‌లో పుట్టిన కథ అది.

సినిమా గురించి నాకేమీ తెలియదు. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే పట్టుబడ్డాయి. ఏ షాట్‌కు ఎంతసేపు పడుతుంది, క్లబ్ సెట్‌గా మార్చిన వాడి హాల్లో ఎండ ఎప్పటిదాకా నిలుస్తుంది, ఏది ముందు తీస్తే పని కలిసొస్తుంది అని వేసి ఇస్తుంటే ఆ బాధ్యత నాకే వదిలేశాడు. రెండో ఓనర్ వేషం వేయాల్సినతను అల్ఫారెట్టా వెళ్లిపోవడంతో ఆ వేషమూ నాకే అంటగట్టాడు.

మా విస్కీ పాలు పోయని టీ డికాక్షన్. మావాడు ప్రతి టేక్‌లోనూ గుక్కెడు నిజంగానే తాగేవాడు. అందుకని షాట్ అవగానే గ్లాసులో మట్టం ఎక్కడుందో అక్కడ రబ్బర్ బ్యాండ్ తొడిగేవాణ్ని. తర్వాతి షాట్‌కు సరిగ్గా అక్కడిదాకా నింపి, బ్యాండ్ తీసి జేబులో వేసుకునేవాణ్ని.

గ్యాంగ్‌స్టర్లకు సూట్లు కావాలి. అందరి దగ్గరా ఉన్నది ఒక్కటే, పెళ్లి రిసెప్షన్‌ది. ఒకరిది మెరూన్, ఒకరిది నెమలికంఠం రంగు. గ్యాంగ్ లీడర్ కరీంనగర్ అతను. అతనిది మీగడ రంగు మీద జరీ పువ్వులు. పెళ్లినాటికీ ఇప్పటికీ మనిషి బాగా ఒళ్లు చేశాడు.

"అన్నా, జల్ది కానియ్యరాదే. గిట్ల ఊపిరి బిగవట్టుకొని నిలవడుడు నాతోని కాదు."

"నవ్వకు బాబూ, బొత్తాం ఊడి కెమెరాకి తగుల్తుంది," అనేవాడు మావాడు.

క్లబ్ తెర వాడి భార్య కంచిపట్టు చీర. "దానిమీద మరక పడిందో, మీ క్లబ్ నేనే మూయిస్తాను," అని ప్రతి శనివారం ఆ అమ్మాయి హెచ్చరిక.

క్లైమాక్స్ ఒక్కటే మిగిలి ఉండగా వాడి కాంట్రాక్ట్ అయిపోయింది. కొత్త ప్రాజెక్ట్ జెర్సీ సిటీలో. శనివారం ఉదయం ట్రక్ తెచ్చుకుని, సామాను ఎక్కించి, మధ్యాహ్నానికి బయల్దేరాలి. గ్యాంగ్ వచ్చి క్లబ్‌ను ధ్వంసం చేసే సీను తీయాలంటే ఒక రోజంతా కావాలి.

"వదిలేద్దాం అన్నా. ఎప్పుడైనా వచ్చి తీద్దాం," అన్నాడు. ముఖం చూస్తే వదిలేసినవాడిలా లేడు.

ఆ ఊళ్లో మేమందరం కాంట్రాక్టర్లమే. వెళ్లినవాళ్లు మళ్లీ రావడం నేను చూడలేదు. ఆ శనివారం కాకపోతే ఆ సినిమా ఇక లేనట్టే.

రాత్రంతా లెక్క వేస్తే ఒక దారి దొరికింది. సామాను మోయడానికి వచ్చేది ఎవరు? గ్యాంగే. క్లబ్‌లో ఉన్నది ఎవరి సామాను? వాడిదే. ధ్వంసం చేయడమెందుకు, దోచుకుపోతే చాలదా?

శనివారం పొద్దున్నే గ్యాంగ్ అంతా సూట్లు వేసుకుని దిగింది. రీటేక్ లేదు, ట్రక్ ఎక్కిన సోఫా మళ్లీ దిగదు. మొదట పరుపు తీసుకెళ్లమన్నాను.

"గల్లాపెట్టె వదిలేసి పరుపు మోసుకెళ్లే గ్యాంగ్‌స్టర్లేంటన్నా!" మావాడు నెత్తి కొట్టుకున్నాడు.

"ట్రక్‌లో పెద్దవి ముందు ఎక్కాలి. చిన్నవి సందుల్లో సర్దుకోవాలి."

"మా గ్యాంగ్ల ప్లానింగ్ ఉంటదన్నా," అన్నాడు లీడర్, పరుపు నెత్తికెత్తుకుంటూ.

ఆ తర్వాత మంచం, సోఫా, గ్రైండర్. ఇద్దరు ఓనర్లం ఒక మూల చేతులెత్తి నిలబడ్డాం. కింది ఇంటి అమెరికన్ పెద్దావిడ మెట్ల దగ్గర లీడర్‌ను ఆపి, పెళ్లా అని అడిగింది. "నో మ్యామ్, షిఫ్టింగ్," అన్నాడతను, గ్రైండర్ దించకుండానే. ఇంతలో మావాడి భార్య విసవిసా వచ్చి తెర లాగేసింది.

"అయ్యో, షాట్ నడుస్తోందే!"

"నడవనీ. నా చీర సూట్‌కేస్‌లో పెట్టుకోవాలి."

సినిమాలో అందరికంటే భయంకరమైన గ్యాంగ్‌స్టర్ ఆ అమ్మాయే అయింది.

చివరికి హాల్లో మేమిద్దరం, స్టాండ్ మీద కెమెరా, నేలమీద రెండు నిండు గ్లాసులు మిగిలాం. దూరం నుంచి ఒక షాట్, దగ్గర నుంచి ఒకటి తీస్తే సినిమా పూర్తి. మావాడు చెప్పాల్సింది ఒకే మాట: "ఐస్ అయినా వదిలారా?" దూరం షాట్‌లో బాగానే చెప్పాడు. కట్ మాత్రం చెప్పలేదు. గోడలవైపు చూస్తూ కూర్చుని, గ్లాసు ఎత్తి మెల్లగా తాగాడు. నేనూ తాగాను. చల్లారిన డికాక్షన్, చక్కెర లేదు. కింద హారన్ మోగింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఇంకో షాట్ ఉందని. టీ పొడి ట్రక్‌లో అట్టడుగున ఉంది. రబ్బర్ బ్యాండ్ నా జేబులోనే ఉంది. ఖాళీ గ్లాసులతోనే తీసేశాం.

ఆ దీపావళికి ఊళ్లో ఉన్నవాళ్లందరికీ సినిమా వేశాం, మావాడికి కాపీ పంపాను. ఎడిటింగ్ నేనే నేర్చుకుని చేశాను. పరుపు వెళ్తుంటే నవ్వారు, చీరకు చప్పట్లు కొట్టారు. గ్లాసుల సంగతి ఎవరూ పట్టుకోలేదు. మర్నాడు జెర్సీ సిటీ నుంచి ఫోన్ వచ్చింది.

"అన్నా, చివర్లో గ్లాసులు నిండుగా ఉండి, టక్కున ఖాళీ అయిపోయాయి. అంత లెక్క మనిషివి, చూసుకోలేదా?"

"చూశాను."

"మరి తాగింది కూడా రికార్డ్ అయింది కదా? అది కలిపేస్తే సరిపోయేది."

"అది ఓనర్లు తాగింది కాదురా, మనం తాగింది."



"ఆ ముక్క నాకు పంపు," అన్నాడు.