దండెం మీది గళ్ళ చొక్కా

మొన్న తెనాలిలో మా ఇంటికి ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు వచ్చి, పశ్చిమాసియాలో జరుగుతున్న యుద్ధానికి నిరసనగా సాయంత్రం ఊరేగింపు ఉందని, అమెరికా ప్రెసిడెంటు దిష్టిబొమ్మకి తొడగడానికి పాత ప్యాంటూ చొక్కా ఉంటే ఇమ్మని అడిగారు. ఎవరివైనా పర్వాలేదా అన్నాను. "ఎవరివైతే ఏంటి బామ్మగారూ, ఎటూ కాలిపోయేవేగా" అని నవ్వారు. ఆ మాటతో నేను రేపల్లెలో మా పుట్టింటి పెరట్లోకి వెళ్లిపోయాను.

మా తరం వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఇరాక్ సైన్యం కువైట్‌ని ఆక్రమించింది 1990 ఆగస్టులో, అమెరికా బాంబులు మొదలైంది ఆ మరుసటి జనవరిలో. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు, కాదు. మా బావ కువైట్‌లో డ్రైవరు. ఆగస్టు తరవాత ఆయన ఉత్తరం రాలేదు. మనవాళ్లని విమానాల్లో తీసుకొచ్చినప్పుడు భట్టిప్రోలు నుంచి వెళ్లినవాళ్లు కూడా తిరిగొచ్చారు గానీ, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయిందట, బావ రాలేదు.

అక్క మాతోనే ఉండేది. బావ వదిలి వెళ్లిన గళ్ళ చొక్కా ఒకదాన్ని వారం వారం ఉతికి నాన్న బట్టల పక్కన ఆరేసేది. తొడుక్కోని చొక్కా ఎందుకు ఉతుకుతావే అని అమ్మ అంటే, దుమ్ము పట్టింది కాబట్టి అనేది.

నాన్న బడిపంతులు. అల్లుడి నెత్తిన బాంబులు పడకూడదని ఆయన తాపత్రయం, అందుకే ఊళ్లో యుద్ధం వద్దంటూ తీసే ఊరేగింపుకి ఆయనే ముందు నిలబడ్డారు. టీకొట్టు దగ్గర మాత్రం, "మీ అల్లుణ్ణి అక్కడ ఇరికించింది ఇరాక్ వాళ్లు కదండీ మాస్టారూ, వాళ్లని తరిమేవాణ్ణి తిడతారేంటి?" అని ఎత్తిపొడిచేవారు. ఒకరోజు అక్క అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఎవరు గెలిస్తే ఆయన ఇంటికొస్తారు నాన్నా?" ప్రతిదానికీ జవాబుండే నాన్న, మజ్జిగ పొయ్యమ్మా అన్నారు.

ఊరేగింపు రోజున అమెరికా ప్రెసిడెంటు దిష్టిబొమ్మకి చొక్కా కావలసి, నాన్న పెరట్లోకి వచ్చి దండెం మీద పాతగా కనబడ్డది లాక్కుపోయారు. అమ్మ తీసిచ్చినవి తొడుక్కోవడమే తప్ప తన చొక్కాలేవో ఆయనకెన్నడూ తెలియదు. అప్పటి మగవాళ్లలో చాలామందికి తెలియదు.

బస్టాండు దగ్గర బొమ్మకి నిప్పంటించేటప్పుడు నేనూ అక్కా జనంలో ఉన్నాం. గడ్డి కూరిన ఛాతీ మీద, జేబుకి అక్క ఎర్రదారంతో వేసిన కుట్టు కనబడింది. "నాన్నా, అది మీ అల్లుడి చొక్కా!" అని అక్క అరిచింది గానీ నినాదాల్లో ఎవరికీ వినబడలేదు, ఆ గొంతులన్నిటిలో పెద్దది నాన్నదే. ఎండుగడ్డి ఎంతసేపు కాలుతుంది!

బతికున్న మనిషి బట్ట తగలెయ్యకూడదని మా ఇళ్లలో పట్టింపు. అక్క ఏడవలేదు. కొత్తది కుట్టిస్తానమ్మా అని నాన్న అంటే, "కొలతలెక్కణ్ణుంచి తెస్తారు?" అంది. ఆయన మరే ఊరేగింపుకీ వెళ్లలేదు.

ఫిబ్రవరి ఆఖరికి యుద్ధం ఆగింది, బావ రాలేదు. సరిహద్దు వైపు పోతున్న లారీలో చూశానని ఒకరన్నారు, అది ఆయన కాదని ఇంకొకరన్నారు. చొక్కా కాలినందుకే ఇలా అయిందని అక్క ఎన్నడూ అనలేదు, కాదనీ అనలేదు. చివరిదాకా బొట్టు తీయకుండానే పోయింది.

ఆ పిల్లల్ని నేను తప్పుపట్టను. ఓపికుంటే వాళ్ల వెనక నడిచేదాన్నే. చొక్కా బదులు ఒక గోనెసంచి ఇచ్చాను. "గోనె తొడిగితే ప్రెసిడెంటులా ఏం ఉంటాడు బామ్మగారూ" అంటూనే పట్టుకుపోయారు. అప్పుడు బాంబు పడిన సంగతి మర్నాడు పేపర్లో చదివేవాళ్లం, ఇప్పుడు పడుతుండగానే ఫోన్లో చూస్తున్నాం. అక్క అడిగినదానికి జవాబు మాత్రం అందులోనూ కనబడదు. సాయంత్రం నినాదాలు వీధి మలుపులో వినబడగానే డాబా ఎక్కి, దండెం మీది బట్టలన్నీ లోపలికి తెచ్చి, ఎవరివి వాళ్లవిగా మడతపెట్టాను.