రాకాసి బొమ్మ అరికాలి చుక్క

ఒక మనిషి దొంగ కాదని అతని తర్వాత ఖాయంగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏళ్లుగా ఆ సంగతి లోపలే పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆవిడకు చెప్పలేదు. చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా చుట్టూ తిప్పి చెప్పానే గాని సూటిగా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

రియాద్‌లో, మలాజ్‌లో ఒక బొమ్మల దుకాణంలో పనిచేసేవాణ్ణి. ముందు అరల్లో చిన్నపిల్లల బొమ్మలు, లోపల అద్దాల బీరువాలో పెద్దవాళ్లు మోజుపడి కొనుక్కునే సినిమా బొమ్మలు. మా కఫీల్‌కు, అంటే మాకు వీసా ఇచ్చిన యజమానికి, ఆ బీరువా అంటే ప్రాణం. అమ్మకం నా పని. తుడవడం, సర్దడం, బీరువా తాళాలు నర్సన్న పని. నర్సన్నది జగిత్యాల వైపు, నాది గోదావరి వైపు. నాకంటే పెద్దవాడు. నన్ను తమ్మీ అనేవాడు.

అప్పట్లో బయటి దేశాలవాళ్ల కుటుంబాల మీద కూడా సౌదీ సర్కారు రుసుము నెలనెలా పడింది. చాలామంది భార్యాపిల్లల్ని ఇంటికి పంపేసి సామాను అమ్ముకుంటున్నారు. అలా దేశం వదిలిపోతున్న ఒకాయన, జపాన్ సినిమాల్లో ఊళ్లను తొక్కేస్తుందే, అలాంటి రాకాసి బల్లి బొమ్మ తెచ్చాడు. మోకాలెత్తు ఉంది. కొనాలా వద్దా అని కఫీల్ నా వైపు చూసి, "ఖబీర్ ఏమంటాడు?" అన్నాడు. ఖబీర్ అంటే నిపుణుడు. నెట్‌లో ఫొటోలు చూసి నేర్చిన విద్యకు అంత పెద్ద పేరు. ఆ పిలుపంటే నాకు పడిచచ్చేంత ఇష్టం. వీపు మీద ముళ్ల రంగు చూశాను. తోక అతుకు తడిమాను. తిరగేసి పాదం కింద కంపెనీ ముద్ర చూశాను. అక్షరాలు ఉండాల్సినంత లోతుగా లేవు. నాకు అనుమానం వచ్చిందా? వచ్చింది. ఇప్పుడింకా బుకాయించడం ఎందుకు? అయినా "అస్లీ" అన్నాను. తెలియదని చెప్పడానికి నామోషీ అడ్డొచ్చింది.

బొమ్మ దుకాణానికి కళ తెచ్చింది. వచ్చినవాళ్లంతా దాని ముందే నిలబడి ఫొటోలు దిగేవారు. ఒకసారి ఆ బీరువా అద్దం ఎవరూ తాకకుండానే బీటవారింది. దిష్టి అని తేల్చేశాడు నర్సన్న. మర్నాడు బొమ్మను బయటికి తీసి, చంటిబిడ్డను పడుకోబెట్టుకున్నట్టు ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, నల్ల మార్కర్‌తో అరికాల్లో చుక్క పెట్టాడు. రాకాసికి దిష్టేమిటన్నా అని నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. శ్రద్ధగా ఊది ఆరబెట్టి లోపల పెట్టాడు.

తర్వాత, ఎంతమంది సౌదీలకు పని ఇచ్చారో చూసి సర్కారు దుకాణాలకు రంగులు వేసే నితాఖాత్ లెక్కలో మా దుకాణం ఎరుపులో పడింది. సౌదీలు తక్కువ, బయటివాళ్లు ఎక్కువ. మీ ఇద్దరిలో ఒకరు వెళ్లక తప్పదన్నాడు కఫీల్. వెళ్లేవాళ్లు ఇంకో కఫీల్ దగ్గర చేరడానికి తనాజుల్ రాసిస్తానన్నాడు. ఆ మాత్రం ఇచ్చేవాళ్లు కూడా అరుదే. నర్సన్న బావమరిది బురైదాలో ఖర్జూర తోటలో ఉన్నాడు. అక్కడ మనిషి కావాలి. నర్సన్న నన్ను పక్కకు పిలిచి, నువ్వుండు, నేను పోతాలే అన్నాడు. నేను అడగకముందే అన్నాడు. ఇది మరిచిపోకండి. నేను మరిచిపోవాలని చాలా చూశాను.

ఆ కాగితం ఇంకా చేతికి రాకముందే ఒక సౌదీ కుర్రాడు బొమ్మ కొనడానికి వచ్చాడు. బాగా తెలిసినవాడు. తిప్పి తిప్పి చూసి "తఖ్లీద్" అని పెదవి విరిచాడు. నకిలీ. అతను వెళ్లిపోయాక కఫీల్ బొమ్మను నా చేతుల్లో పెట్టాడు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఖురూజ్, అంటే దేశం విడిచిపొమ్మనే ముద్ర, కొట్టి నన్నే ఇంటికి పంపేస్తాడనుకున్నాను. ఊరికే చేతులు ఆడించడానికి బొమ్మను తిరగేశాను. ముద్ర పక్కన చుక్క.

"నేను చూసినప్పుడు ఈ మచ్చ లేదు," అన్నాను.

ఇప్పటికీ ఆ వాక్యాన్ని విప్పి విప్పి చూసుకుంటాను. అందులో ఒక్క అబద్ధం ముక్క లేదు.

"అంటే, ఎవరో బొమ్మను మార్చేశారా?"

నర్సన్న నడుముకున్న తాళాల గుత్తి వైపు చూశాను. కఫీల్ కూడా చూశాడు.

నర్సన్నకు అరబీ పనిమాటల వరకే వచ్చు. చూపు మాత్రం అర్థమైంది. "ఏమంటుండు తమ్మీ? గా మచ్చ గురించా? గది దిష్టి సుక్క గదా! నీ ముంగట్నే వెట్టిన గదా! జెర సమజైతట్టు జెప్పు ఆయనకు."

"ఏమంటున్నాడు?" అన్నాడు కఫీల్.

"తనకేమీ తెలియదంటున్నాడు," అన్నాను.

దిష్టిని అరబీలో ఐన్ అంటారు. నాకు రాని మాట కాదు. దుకాణంలో ఎవరైనా బొమ్మను మెచ్చుకుంటే, కన్ను తగలకుండా మాషాఅల్లాహ్ అనిపించేదాకా మా కఫీల్ ఊరుకునేవాడు కాదు. ఐన్ అని ఉంటే చాలు, ఆయనకు ఇట్టే అర్థమయ్యేది. బహుశా నవ్వేవాడు కూడా. ఆ తర్వాత నా వైపు తిరిగేవాడు. అందుకే అనలేదు. భయమా? భయమే. కానీ భయంతో నోరు పెగలకపోవడం వేరు, తడుముకోకుండా వేరే మాట చెప్పడం వేరు. నేను తడుముకోలేదు.

పోలీసుల దాకా పోకపోవడమే కఫీల్ చేసిన దయ. తనాజుల్ ఇవ్వలేదు. ఖురూజ్ కొట్టించాడు. బురైదా తోట పోయింది. సంగతి మా గదిదాకా పాకింది. ఏళ్ల తరబడి ఒకే గిన్నెలో వండుకు తిన్నవాళ్లు పెట్టెలకు తాళాలు వేసుకున్నారు. నర్సన్న చూస్తుండగానే వేసుకున్నారు. నేనూ వేశాను. వేయకపోతే నన్ను అనుమానిస్తారేమోనని.

చాలాకాలం తప్పంతా నితాఖాత్ మీదికి నెట్టాను. ఆ రుసుములు, ఆ రంగులు లేకపోతే ఇదంతా జరిగేది కాదనుకున్నాను. నిజమే కావచ్చు. అయినా ఆయన చెప్పమన్న మాట చెప్పొద్దని నా నోరు ఎవరూ నొక్కలేదు.

వెళ్లే రోజు ఆయన పెట్టె కారులో నేనే పెట్టాను. నా రెండు చేతులూ పట్టుకుని, "నా గురించి మస్తు జెప్పినవ్ తమ్మీ. ఆయననే ఇనకపాయె. నువ్వు మనసుల వెట్టుకోకు," అన్నాడు.

నేను తలూపాను.

తర్వాత దుకాణం ఎలాగూ మూతపడింది. నేనూ వచ్చేశాను. నర్సన్న ప్రతి క్రిస్మస్‌కు ఫోన్ చేస్తాడు. పిల్లల పేర్లు గుర్తుపెట్టుకుని అడుగుతాడు. పక్కన ఎవరైనా ఉంటే, "సౌదీల నా కోసం కొట్లాడిండని జెప్తి గదా, గా తమ్ముడే," అని ఫోన్ వాళ్లకిస్తాడు. వాళ్లు నాకు దండాలు చెప్తారు. నేను తీసుకుంటాను.

ఈసారి ఫోన్ వస్తే చెప్పేస్తానని మీకు మాటివ్వలేను. నా సంగతి నాకు తెలుసు. ఇక్కడ మాత్రం రాస్తున్నాను, రాసినందుకే ఊపిరి కాస్త ఆడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది: ఆయన కోసం నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు.