తగరపు గోడ

పటాన్‌చెరు దగ్గర తగరం కరిగించే ఒక ఫ్యాక్టరీలో మొగులయ్య సూపర్‌వైజర్. జేబులో దువ్వెన, దవడలో వక్కపలుకు, నున్నటి ముఖం. మేనేజర్ తిట్టినా, "చేతులు కాలుతున్నయ్, గ్లౌజులు ఎప్పుడిప్పిస్తవే అన్నా?" అని కూలీలు మీదికొచ్చినా, ఆ ముఖం ఒక్క క్షణం ముడతపడి మళ్లీ సాపైపోతుంది. "నాది టెర్లిన్ మొకం, ఇస్త్రీ అక్కర్లే" అని తన మీద తనే జోకు వేసుకుంటాడు. గ్లౌజుల సంగతి మాత్రం మూడేళ్లుగా మేనేజర్ చెవిన పడనేలేదు.

ఒకనాడు మేలిరకం తగరం కోసం ఒక సైంటిస్టు వచ్చాడు. సూర్యుడిలో ఉండే మంటను యంత్రంలో పుట్టించాలని చూస్తున్నారట. "ఆ మంటకు గట్టి గోడ పగిలిపోతుంది. అందుకే కరిగిన తగరాన్నే గోడగా పెట్టి చూస్తాం. దెబ్బ తగిలినచోట తనే మళ్లీ పూడుకుంటుంది" అన్నాడు. మొగులయ్య మురిసిపోయాడు. "గా గోడను నేనే గద సార్! ఎన్ని మంటలు తిన్ననో!" సైంటిస్టు నవ్వి, "తట్టుకుంటే చాలదండీ. తగిలిన వేడిని గోడ వెనకవైపుకు చేరవేయాలి. అప్పుడే కరెంటు పుడుతుంది" అన్నాడు. వక్కపలుకు నమలడం ఆగిపోయింది. కొలిమి దగ్గర పనిచేసే బీరమ్మ గ్లౌజుకు బదులు చేతికి చుట్టుకున్న మాడిన పేలిక అడిగి తీసుకుని, మొగులయ్య నేరుగా మేనేజర్ గదిలోకి నడిచాడు. "ఏంది?" అని కసిరాడు మేనేజర్. ముఖం ముడతపడింది, సాపైంది. "ఏం లే సార్, చాయ్ చెప్పాల్నా?" బయటికొచ్చి పేలికను బీరమ్మకు తిరిగిచ్చేశాడు. "గీ గోడతోని జీరో బల్బు గూడ ఎలగదు, బీరమ్మా."