అడ్డాకుల మీద అడవి

నా చిన్నప్పుడు మా బావ విసిగించినంతగా నన్ను ఇంకెవరూ విసిగించలేదు. బావంటే సాలూరులో ఉండే మా మేనమామ కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. మా నాన్న డొంకరాయి పవర్‌హౌస్‌లో పనిచేసేవారు, మేము అక్కడి క్వార్టర్స్‌లోనే ఉండేవాళ్లం. ఒక వేసవి సెలవుల్లో బావ టీవీకి తగిలించే వీడియో గేమూ, పసుపురంగు క్యాసెట్టూ సంచిలో పెట్టుకుని దిగాడు. వారం రోజులుండి సోమవారం మొదటి బస్సుకి వెళ్లిపోతాడు. గేమూ బావతోపాటే వెళ్లిపోతుంది.

అందులో ఒక సాహసాల ఆట ఉండేది. లాంతరు పట్టుకున్న మనిషి అడవి దాటి కోటకి చేరాలి. ఆ అడవి దగ్గరే నా ప్రాణం విసిగిపోయింది. ఏ మలుపులో చూసినా అవే చెట్లు, నాలుగు దిక్కులకీ నాలుగు దారులు. అందులో ఒక్కటే సరైనది. తప్పుదారిలో అడుగుపెడితే మనిషి మళ్లీ మొదట్లో ఉన్న నల్లబండ దగ్గర తేలతాడు. ఎంతవరకు ఆడామో దాచుకునే వీలు ఆ క్యాసెట్టుకి లేదు. గంటన్నర ఆడేసరికి అడాప్టరు పెనంలా కాలిపోయేది. ఆపక తప్పదు, ఆపితే మళ్లీ మొదటికే. నాలుగు రోజులపాటు నేను చూసింది ఆ బండ మొహమే.

బావ పక్కనే కూర్చుని మరమరాలు నములుతూ, "నేనెప్పుడో కోట దాకా ఎల్లొచ్చీసినాను. కొండల్లో ఉన్నదానివి, ఈపాటి అడవి దాటలేవేటి?" అనేవాడు. పోనీ దారి చెప్పమంటే, చెప్పేస్తే మజా ఏముంటుందనేవాడు. ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయేది. బస్సు వచ్చేలోగా ఆ కోట చూసి తీరాలని పంతం పట్టాను. పంతమైతే పట్టాను గానీ, కోపంలో ఏ దారి చూశానో ఏది చూడలేదో గుర్తుండేది కాదు.

శనివారం పొద్దున్న అవ్వ వచ్చింది. పక్క కొండ మీది ఊరి నుంచి విస్తళ్లు కుట్టుకునే అడ్డాకుల కట్టలు మా అమ్మకి తెచ్చి ఇచ్చే ముసలావిడ. నాకు సొంత నానమ్మ కాదు గానీ, సొంతమనిషిలాగే కసిరేది. గుమ్మంలో కూర్చుని టీ తాగుతూ కాసేపు టీవీ కేసి చూసింది.

"ఏటి గుంటా, మల్లీ ఆ బండకాడికే వచ్చీసినావు. ఇందాకా అటే ఎల్లినావు కదా, దారి మూసినావు కావేటి?" అంది.

మూయడమేమిటని విసుక్కున్నాను. కొండదారిలో ఎవరైనా తప్పుదోవ పట్టి వెనక్కి వస్తే, ఊరికే రారట. పచ్చికొమ్మ ఒకటి విరిచి ఆ దారి మొదట్లో అడ్డంగా పడేసి వస్తారట. వెనక వచ్చేవాళ్లు అది చూసి అటు వెళ్లరు. టీవీలో కొమ్మలు ఎలా విరుస్తానని నేను రుసరుసలాడితే, అవ్వ కట్టలోంచి ఒక ఆకు తీసి గచ్చు మీద పెట్టింది. "ఇదీ ఆ బండ. ఇప్పుడు ఎల్లు" అంది.

నేను తప్పు దారి పట్టినప్పుడల్లా, ఆకుకి ఆ వైపున విస్తరి కుట్టే పుల్ల ఒకటి అడ్డంగా పెట్టించింది. సరైన దారి దొరికితే దాని పక్కన ఇంకో ఆకు. సాయంత్రానికి గచ్చు మీద పదకొండు ఆకుల అడవి పరుచుకుంది. ఇంకొక్క మలుపో రెండో ఉంటాయనగా అడాప్టరు మళ్లీ కాలింది. పోతే పోయింది, ఆకులున్నాయి కదా అని మొదటిసారి నిశ్చింతగా పడుకున్నాను.

ఆదివారం ఏరు దాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి బావ భోజనం చేస్తున్నాడు. గచ్చు ఖాళీ. నా అడవిని పుల్లలతో సహా మా అమ్మ విస్తరి కుట్టేసింది. దాని మీద బావ పప్పన్నం కలుపుకుంటున్నాడు. "నాకేటి తెల్సు, ఆరబెట్టినావనుకున్నాను" అంది అమ్మ. ఆ మధ్యాహ్నం నేను ఏడ్చిన ఏడుపు క్వార్టర్స్ అంతా విన్నది.

ఏడ్చి ఏడ్చి, మిగిలిన ఆకులు తెచ్చి మళ్లీ పరవడం మొదలుపెట్టాను. ఒక్కో పుల్లా నా చేత్తో నేనే పెట్టాను కాబట్టి కాబోలు, తొమ్మిది ఆకులు తడుముకోకుండా వచ్చేశాయి. మిగతావి మళ్లీ వెతికాను. చీకటి పడే వేళకి చెట్లు తొలగి, తెర మీద ఎర్రటి కోట కనిపించింది.

బావ నోట్లో మరమరాలు అలాగే ఉండిపోయాయి. "ఇదేటిది?" అన్నాడు. అంటే అతనూ ఆ కోట ఎన్నడూ చూడలేదు. వారం రోజులు తెలియని దారిని దాచిపెట్టి నన్ను ఏడిపించాడు. నాకు ఎంత మండిందంటే, ఆకులన్నీ ఊడ్చి పెరట్లో పారేశాను.

సోమవారం పొద్దున్నే వచ్చిన అవ్వకి గొప్పగా చెప్పాను. ఆమె అడిగింది ఒక్కటే. "మరి ఆ గుంటడికి సూపించినావా?"

అబద్ధాలకోరుకి ఎందుకు చూపించాలన్నాను. అవ్వ మొహం ముడుచుకుంది. "అబద్ధమాడినోడైతే మాత్రం, అడవిలో తప్పిపోవాలేటి? మూసిన దారి సెప్పకపోతే నువ్వు ఎల్లి ఏటి లాభం?" అంది. శనివారం నేను ఎన్ని తప్పుదారులు పట్టినా అందుకు పల్లెత్తు మాట అనని మనిషి, అప్పుడు మాత్రం గట్టిగానే అంది. నేను నోట్సులోంచి కాగితం చింపి, ఆకులూ పుల్లలూ గబగబా గీసి, బస్సు దగ్గరికి పరిగెత్తి కిటికీలోంచి బావ ఒళ్లోకి విసిరేశాను.

ఆ బావనే తర్వాత పెళ్లి చేసుకున్నాను. విసుగు ఇంకా తీరలేదు. ఈమధ్య మా అమ్మాయి కోసమని ఆయన పాత ఆటలన్నీ ఉన్న చిన్న గేమ్ పెట్టె కొన్నారు. అందులో ఆ అడవి కూడా ఉంది. అమ్మాయి నల్లబండ దగ్గర చిరాకుపడుతుంటే, ఆయన లేచి వెళ్లి సర్టిఫికెట్ల ఫైలులోంచి మడతలు చిరిగిన కాగితం తెచ్చి దాని ముందు పెట్టారు. ఇన్నేళ్లూ దాచినట్టు నాకు ఒక్కసారైనా చెప్పలేదు. ఆ మనిషికి ఏదీ చెప్పే అలవాటు లేదు.

నాకు మాత్రం ఉంది. ముంచింగిపుట్టులో నేను పనిచేసే ఆఫీసుకి ఎవరొచ్చినా, ఏ కాగితం కోసం ఎక్కడ తిరగడం దండగో ముందే చెప్పేస్తాను. నేను చేసిన పొరపాట్లు కూడా దాచను. అంతా చెప్పుకుంటే నీకు సిగ్గెయ్యదా అని మా అమ్మాయి అడుగుతుంది. తప్పుదారి పట్టినందుకు అవ్వ నన్ను ఏమీ అనలేదు, మూయకుండా వచ్చేసినందుకే అంది.