బాపు అరిచిన మైనపు గొట్టం

నేను వయసుల ఉన్న ఆ కాలంల పిచ్చికి సుత ఒక మర్యాద ఉండేది. ఒకనికి పావురాల పిచ్చి, ఇంకొకనికి పతంగుల పిచ్చి. ఇంట్ల ఎంత లొల్లి అయినా గల్లీ జనం "పోనియ్, వాని శౌకు వానిది" అని ఊకునేటోళ్లు. నా పిచ్చికి మాత్రం ఆ మర్యాద దక్కలే. ఎందుకంటే దాని పేరు ఎవలకూ నోరు తిరగకపోయేది. పాత ఫోనోగ్రాఫులు! గ్రామఫోన్లు అనుకునేరు, కాదు. (ఇన్నేండ్ల సంది ఇదే చెప్తున్న, ఇప్పటికీ నెత్తురు ఉడుకుతది.) గ్రామఫోన్ల పళ్లెం అసొంటి రికార్డు తిరుగుతది. ఫోనోగ్రాఫుల గిలాసంత మైనపు గొట్టం తిరుగుతది, పాట దాని ఒంటి మీద సన్న గీతలై ఉంటది. ఇంత సాఫ్ సీదా తేడా పెద్ద చదువులోళ్లకు సుత పట్టకపాయె. నేను చిన్నప్పుడే బడి బందువెట్టినోణ్ని. చిత్తుకాగితాల దుకాణంల దొరికిన ఒక చిరిగిన ఇంగ్లీషు పుస్తకాన్ని, డిక్షనరీని పక్కపక్కన వెట్టుకొని, కూడబలుక్కుంట ఇదంత నేర్చుకున్న. ఆ పుస్తకంల సగం పేజీలు లేవు. లేని పేజీలల్ల ఏమున్నదో తర్వాత తెలిసొచ్చింది.

అప్పుడు నేను కంచన్‌బాగ్ దిక్కు ఒక కార్ఖానల లేతు మీద పనిచేస్తుంటి. లాల్‌దర్వాజల రెండర్రల కిరాయి ఇల్లు. అండ్ల అమ్మ, బాపు, మా ఇంటామె, నేను, ఇంక నేను జమచేసిన తుక్కు ('తుక్కు' బాపు మాట, నాది కాదు). ఒక జుమ్మేరాత్ నాడు, అంటే బేస్తారం, పాత సామాన్ల బజార్ల తిరుగుతుంటే, ఒక ముసలి భాయ్ గోనెసంచి మీద గుండ్రటి మూత ఉన్న చెక్క పెట్టె వెట్టుకొని కూసున్నడు. "లేలో భాయ్, సిలాయీ మషీన్ హై. పహియా గాయబ్ హై, బస్" అన్నడు. చక్రం పోయిన కుట్టుమిషన్ అనుకున్నడు పాపం. మూత లేపిన. లోపల బోల్టుకు ఉండే మరచుట్ల అసొంటి సన్న చూడీలు తీసిన ఇనుప కడ్డీ మెరిసింది. కుట్టుమిషన్‌కు ఆ చూడీలు ఎందుకుంటయి? పెట్టె అడుగున రేకు బాకా, దూదిల చుట్టిన ఒక నున్నటి మైనపు గొట్టం, బొత్తాల అసొంటి రెండు సూది తలకాయలు. ఒకటి అసలుది, ఇంకోటి స్పేరు అనుకున్న. మొఖంల సంబురం కనవడనియ్యకుండ, "మా ఇంటామెకు కుట్టుడు రాదు, అయినా తీస్కపోత" అని ఏడుపు మొఖంతోనే తెచ్చుకున్న.

ఇంట్ల బాపు గడపల్నే ఆపిండు. మా బాపు రైల్వేల గ్యాంగ్‌మన్ చేసి దిగినోడు. రైలు మోతను మించి అరవడం అలవాటైన గొంతు, ఉప్పడిగినా గల్లీ చివరికి వినవడేది. "బోనాలు వస్తున్నయి, ఇంటికి సున్నమెయ్యాలె. ఆదివారం అందరి ముందట దీన్ని మోగియ్యి. మోగితే ఉంచుకో. మోగలేదనుకో, ఇదొక్కటే గాదు, నీ డబ్బాలన్ని కబాడీకే!" అన్నడు. బాపు మాటంటే మాటే. నా ఏండ్ల కష్టమంత ఆ ఒక్క గొట్టం మీద వడ్డది.

ఆదివారం పొద్దున బామ్మర్ది సుత వచ్చి ముందువరుసల కూసున్నడు. "బావా, మొదలు నాకొక లాగు కుట్టియ్యి" అన్నడు. మా ఇంటామె కొంగు నోటికి అడ్డం వెట్టుకున్నది. నేను తాళంచెవి తిప్పి, గొట్టం ఎక్కించి, అసలుది అనుకున్న తలకాయ బిగించి, సూది ఆనిచ్చిన. గొట్టం గిర్రున తిరిగింది. కిర్రుమన్నదే తప్ప పాట లేదు. బాపు లేచొచ్చి బాకాల తలకాయ వెట్టి, "ఓ భాయ్! లోపల ఎవలన్న ఉన్నరా? జర గట్టిగ పాడు!" అని అరిచిండు. అందరు పక్కలు వట్టుకొని నవ్వుతున్నరు. సూది కింది నుంచి సన్నగ మైనం పొట్టు రాలుతున్నది. నేనేమో పాత మైల పోతున్నదని మురుస్తున్న! "గీకుతున్నదిరా నీ గ్రామఫోను" అన్నడు బాపు. ఇగ ఆ మాటకు ఆగలేకపోయిన. నేను సుత బాకా మీదికి వంగి, "గ్రామఫోను గాదు బాపు, ఫోనోగ్రాఫ్! ఎన్నిసార్లు చెప్పాలె?" అని గొంతు చించుకున్న. గొట్టం చివరిదాక తిరిగి ఆగింది.

"అయిపోయిందా? తియ్యి, కబాడీ భాయ్‌ని పిలుస్త" అని బాపు చెప్పులేసుకున్నడు. ఆఖరిసారి అని ఆ స్పేరు తలకాయ మార్చి, మొదటికి జరిపి వదిలిన. ముక్కు మూసుకొని మాట్లాడినట్టు, దూరం నుంచి వచ్చినట్టు, బాకాల నుంచి ఒక గొంతు: "ఓ భాయ్! లోపల ఎవలన్న ఉన్నరా?"

గడప కాడ బాపు గిర్రున తిరిగి "ఆఁ, ఉన్న!" అన్నడు.

అప్పుడు అర్థమైంది. ఒక తలకాయ చెక్కి గొంతును పడుతది, రెండోది వినిపిస్తది. ఆ నున్నటి గొట్టం మీద మాట అన్నదే పడి ఉండలే. కార్ఖానల దినమంత లేతు మీద ఇనుము చెక్కి, కాళ్ల కాడ పొట్టు ఊడ్చేటోణ్ని, కండ్ల ముందట మైనం చెక్కుతుంటే మైల అనుకున్న. గీ తెలివికి డిక్షనరీ ఒకటి! బామ్మర్ది బాకా దగ్గరికి జరిగిండు. బాపు చెప్పులు విడిచి, పెట్టె ముందట మఠం వేసుకొని, "మల్ల వెట్టు" అన్నడు.

డబ్బాలన్ని ఉండిపోయినయి. గోడలకు సున్నం వాటి చుట్టే పడ్డది. తర్వాత బాపు పోయేటోని వచ్చేటోని ఆపి, "నా గొంతు పట్టిన గ్రామఫోను" అని చూపెట్టేటోడు. (ఆఖరిదాక గ్రామఫోనే!) నేను వద్దంటుంటే తిప్పిచ్చేటోడు. తిప్పినప్పుడల్ల మైనం అరుగుతది గదా.

బాపు పోయి చాన ఏండ్లాయె. ఫోటోల బాపు ఉన్నడు గని, గొంతు ఆ గొట్టంల్నే ఉన్నది. ఇప్పుడు బోనాల ముందట, సున్నం అయినంక ఒక్కసారే తిప్పుత. ఉడుకు నెత్తురు పిలగాడొకడు ఫోనోగ్రాఫ్ అని అరిచిన కాడ మొత్తం అరిగిపోయింది, వట్టి గరగర. పోనియ్, వాని గొంతు నా కాడ ఉండనే ఉన్నది, ఇంకా అదే అరుస్తున్నది. మొదట్ల బాపు అడిగిన ఆ ఒక్క మాట మాత్రం, చెవి దగ్గర వెడితే, ఇంకా వినవడుతది.

"లోపల ఎవలన్న ఉన్నరా?"

ఉన్న బాపూ. నీ గ్రామఫోను కాడనే కూసున్న.