మైనం తొడుక్కున్న క్రిములు

నేను బాపట్లలో మైక్రోబయాలజీ చదువుతున్నప్పుడు, తగ్గని దగ్గుతో మా పెద్దమ్మ రేపల్లె నుంచి తెనాలిలోని మా ఇంటికి వచ్చింది. ఆ ఆదివారం నేను ఇంటికి వెళ్ళేసరికి వంటింట్లో అమ్మ చేస్తున్న పని ఆపి వింటోంది. తెరలు తెరలుగా పెద్దమ్మ దగ్గు, చివర సన్నటి ఈల.

"అచ్చం చెల్లి దగ్గినట్టే ఉంది," అంది అమ్మ మెల్లగా.

ఆ చెల్లి వాళ్ళిద్దరికంటే చిన్నది. నేను పుట్టకముందే క్షయతో పోయింది. చివరిదాకా పక్కన పడుకుని కనిపెట్టుకున్నది పెద్దమ్మే.

మర్నాడు కళ్ళె పరీక్ష చేయించాం. నా చదువు సంగతి తెలిసి ల్యాబ్ ఆయన నన్నూ మైక్రోస్కోపులో చూడమన్నాడు. నీలిరంగు మీద సన్నని ఎర్ర పుల్లలు. అవే క్షయ క్రిములు. వాటికి పట్టించిన ఎర్ర రంగు యాసిడ్‌తో కడిగినా వదలదు. క్షయ క్రిమి ఒంటి చుట్టూ మైనంలాంటి కొవ్వు పొర ఉంటుంది. దాని జన్యువుల్లో చాలావాటి పని కొవ్వులు తయారుచెయ్యడం, కరిగించుకోవడమేనని మా సార్ చెప్పారు. క్రిముల్ని మింగే మన రక్షక కణం కూడా దాన్ని అరిగించుకోలేదు. ఆ కణంలోనే మన కొవ్వు తింటూ ఏళ్ళ తరబడి నిద్రపోగలదు. పరీక్షల కోసం బట్టీపట్టిన ఆ మాటలు ఇప్పుడు మా ఇంటి మనిషి కళ్ళెలో కనబడుతున్నాయి.

"నాకెక్కడ అంటుకుందే?" అని అడిగింది పెద్దమ్మ.

"ఖాయంగా చెప్పలేం పెద్దమ్మా. ఎప్పుడో లోపలికెళ్ళి ఇన్నాళ్ళూ నిద్రపోయి ఉండొచ్చు."



"అయితే చెల్లిదే," అంది పెద్దమ్మ.

మాత్రలు మొదలుపెట్టమన్నారు. వాటిలో ఒకటి ఆ మైనప్పొరను కట్టనివ్వదని నేనే చెప్పాను. పెద్దమ్మ వాటిని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది గానీ మింగలేదు. రెండో చెయ్యి రొమ్ము మీద వేసుకుని, పసిపిల్లను జోకొడుతున్నట్టు తట్టుకుంటోంది.

"దాని ఫోటో ఒక్కటీ లేదు. మొహం కూడా మర్చిపోయాను," అంది.

అమ్మ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఎదురుగా కూర్చుంది. "అది చెల్లి కాదక్కా. చెల్లిని తినేసింది."

పెద్దమ్మ మింగింది. ఆ మందులకు కన్నీళ్ళు కూడా రంగు మారతాయి. ఆ నెలల్లో ఆమె కళ్ళు ఒత్తుకుంటే తెల్ల పైట మీద నారింజరంగు మరకలు పడేవి.

మందుల కోర్సు పూర్తయ్యేసరికి ఒళ్ళు చేసింది. కళ్ళెలో క్రిములు లేవన్నారు. బస్సు ఎక్కించడానికి వెళ్ళినప్పుడు, "తేలిగ్గా ఉందా పెద్దమ్మా?" అని అడిగాను.

"ఉందే," అంది కిటికీ పక్కన సర్దుకుంటూ. "లోపల ఒక్కదాన్నే ఉన్నట్టుంది."