అవుననిపించుకొని రమ్మన్న మేడం

తోతాపురి మామిడికాయల కాలం వస్తే చిత్తూరు ఊరి బయట గుజ్జు ఫ్యాక్టరీల నుంచి తియ్యటి, కాస్త పులిసిన వాసన రోడ్డెక్కుతుంది. నిన్న కోర్టుకు పోతుంటే ఆటోలో పక్కావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. మా ఇంటికి అన్నం పెట్టిన వాసన అది. మా నాయన ఆ గుజ్జు డ్రమ్ములను కంటైనర్ లారీలో ఓడరేవుకు తోలేవాడు. విచిత్రమేమంటే, ఆ వాసన తగలగానే నాయనకంటే ముందు నాకు రాజేశ్వరి మేడం గుర్తుకొస్తారు.

మేడం డిగ్రీలో మాకు రాజనీతిశాస్త్రం చెప్పేవారు. పొట్టి మనిషి, గొంతుకు మాత్రం మైకు అక్కర్లేదు. కాలేజీ తరఫున చర్చా పోటీలకు మమ్మల్ని తయారు చేసేదీ ఆవిడే. అందులో ఆవిడకొక పద్ధతి ఉండేది. ఎవరి వాదాన్ని కాదనాలన్నా ముందు ఆ వాదాన్ని మనమే వాళ్ళకు చెప్పాలి. వాళ్ళు "అవును, నా మాట అదే" అనాలి. అంతవరకూ మన వాదం మొదలుపెట్టడానికి లేదు. గెలవడానికి పోతూ ఎదుటివాళ్ళకు హారతి పట్టడమేమిటని మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఆ ఏడు మన రేవుల నిర్వహణ విదేశీ కంపెనీలకు ఇవ్వాలా వద్దా అని పేపర్లలో, టీవీల్లో ఒకటే రభస. దేశాన్ని అమ్మేస్తున్నారని ఒక పార్టీ, దేశం బాగుపడుతుందని ఇంకో పార్టీ. తిరుపతిలో జరగబోయే పోటీకీ అదే అంశం పెట్టారు. చీటీ తీస్తే నాకు "ఇవ్వాలి" అనే పక్షం వచ్చింది. నాయన లారీ పోయే రేవులో ఒక భాగం అప్పటికే విదేశీ కంపెనీ చేతికి వెళ్ళింది. నేను ఉత్సాహంగా ఇంట్లో చెప్పగానే ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

"ఆ గేటు ముందర పడిగాపులు పడేది నేను. నా కూతురు పోయి వాళ్ళకి వకాల్తా తీసుకుంటాదా?"

ఆ పూట నుంచి నాతో మాటల్లేవు. ఏదైనా ఉంటే అమ్మతోనే. "సంగటి ఇంకొంచెం కావాల్నేమో అడుగు దాన్ని" అనేవాడు, నేను ఎదురుగానే కూర్చుని ఉంటే. అప్పటిదాకా మా నాయన నా మీద అలిగి ఎరగడు. నాకు భయమేసింది.

పక్షం మార్చమని మేడం దగ్గర ఏడ్చాను. ఆవిడ కరగలేదు.

"ఎదుటి పక్షం ఇంట్లోనే ఉంటే ఇంక ప్రాక్టీసుకు ఎవరు కావాల? పో, మీ నాయన చేత అవుననిపించుకొని రా. అంతదాకా నాకు మొహం చూపించొద్దు."

నాయన లారీ కడుగుతుంటే పక్కన నిలబడ్డాను. "నాయనా, నీ మాట నేను చెప్తా. సరిగ్గా ఉంటే అవునను. దేశాన్ని పరాయివాళ్ళకు రాసిస్తున్నారని నీ బాధ."

"కాదు."

"నీ పని పోతుందని భయం."

"కాదు."

మూడు రోజులు నేను పేపర్లలో చదివినవన్నీ ఒప్పజెప్పాను. మూడు రోజులూ అదే జవాబు. నాలుగో రోజు నా దగ్గర చెప్పడానికేమీ మిగల్లేదు. "మరి ఏంది నాయనా?" అని అడిగాను. ఆయన తడిగుడ్డ పక్కన పెట్టాడు.

"ముందర రెండేసి దినాలు గేటుకాడ నిలబడేవాళ్ళం. ఇప్పుడు పూటలో పనైపోతా ఉండాది, నేను కాదనను. కానీ ఆ పొద్దు టైరు పగిలి ఆలస్యమైతే గుమాస్తాకాడికి పోయి, అయ్యా ఇదీ సంగతి అంటే వినేవాడు. ఇప్పుడు టైము దాటిందంటాది మిషను. గేటు తెరుచుకోదు. ఎవుర్ని అడగాల? ఆడ మనిషి లేడు పాపా."

"అంటే కంపెనీ ఎవరిదన్నది కాదు. కష్టం చెప్పుకునేదానికి ఒక మనిషి లేడని."

"ఆఁ, అదీ. అయినా నువ్వు వాళ్ళ పక్కనే గదా" అని మళ్ళీ గుడ్డ అందుకున్నాడు.

ఆ అవును పట్టుకొని పోతే, మేడం రెండు వారాలు సాధన చేయించి నన్ను అరగదీశారు. విదేశీ కంపెనీలు వద్దంటూ ఆవిడే ఒక అర్జీ మీద సంతకం చేశారని ఆ మధ్యలోనే తెలిసింది. నోరెళ్ళబెట్టి అడిగితే, "నీ వాదం గట్టిగా లేకపోతే నా అభిప్రాయానికి పరీక్ష ఎట్లా?" అన్నారు. అంత ధైర్యమున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

పోటీ రోజు హాలు తలుపు దగ్గర ఖాకీ చొక్కాలో నాయన నిలబడి ఉన్నాడు. మేడమే కబురు పెట్టి పిలిపించారట. ముందు ఆయన మాటనే చెప్పాను, టైరు, గుమాస్తా, తెరుచుకోని గేటు అన్నీ. తర్వాత నా పక్షం చెప్పాను. బాగా నడిపేవాళ్ళకు ఇద్దాం, కానీ గేటు దగ్గర వినే మనిషి ఉండాలని ఒప్పందంలో రాయించుకుందాం, అది రాయించుకోలేని ప్రభుత్వం రేవును సొంతంగా నడిపినా మన మాట వినదు అన్నాను. బహుమతి రాలేదు. సగం సమయం ఎదుటి పక్షానికే ఇచ్చేశానన్నారు న్యాయనిర్ణేతలు. లెక్కకు అది నిజమే. మేడం మాత్రం కప్పు గెలిచినట్టు నా వీపు మీద ఒకటి చరిచారు.

బస్సులో నాయన నా పక్కనే కూర్చున్నాడు. బస్సు చంద్రగిరి దాటింది. నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటున్నాను.

"పాపా, నీ మాట నేను సెప్తా. తప్పుంటే సెప్పు" అన్నాడు ఉన్నట్టుండి. "లారీ నిలబడిపోతే కాయ పండించిన రైతుకూ దెబ్బే, తోలే నాకూ దెబ్బే. నడిపేది ఎవురైనా కానీ, పగ్గం మాత్రం మన సేతిలో ఉండాల. అంతేనా?"

"అవును నాయనా. అదే."

"సరే. ఇప్పుడు నువ్వు యాడ తప్పో సెప్తా, ఇను" అని చిత్తూరు వచ్చేదాకా వాదించాడు. ఆ బస్సులో నా అంత సంతోషంగా ఎవరూ ఉండి ఉండరు.

మేడం పోయి రెండేళ్ళయింది. నేనిప్పుడు లాయర్ని, లారీ డ్రైవర్ల తరఫున కంపెనీలతో మాట్లాడుతుంటాను. ముందు కంపెనీ వాదం చెప్పి కానీ మాది మొదలుపెట్టను. మా జూనియర్లు నవ్వుతారు, నవ్వనీ. పోయిన నెల ఒక కంపెనీ అధికారి "అవును మేడం, మా ఇబ్బంది అదే" అని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గేటు దగ్గర ఒక మనిషిని పెట్టడానికి ఆ పూటే ఒప్పుకున్నాడు. నాయనా నేనూ రేవుల సంగతిలో ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు. కానీ ఆ బస్సు దిగిన తర్వాత, మా నాయన నాతో మాట్లాడకుండా ఉన్న రోజు ఒక్కటీ లేదు.